తినేస్తా ఉండాది అంటే ఏమిటో అడగండి

పోయిన నెల కొడవలూరు వైపు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పశుసంవర్ధక సహాయకురాలిగా కొత్తగా చేరిందట. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. "సార్, ఒకాయన ఇంట్లో పిల్లి చెప్పులు, వైర్లు కొరికేస్తా ఉండాదంట. కారప్పొడి రాయమని చెప్పినా. కరెక్టే కదా సార్?" అంది.

కరెక్టు కాదన్నాను. అంతటితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. కారప్పొడి ఎవరు నేర్పారు, పిల్లి వయసు అడిగావా, నోరు చూశావా, ఏం పెడుతున్నారో అడిగావా అని ఊపిరి తిప్పుకోనివ్వకుండా తిట్టాను. ఆ పిల్ల చివరికి, "ఇవేమీ మాకు చెప్పలేదు సార్" అంది. ఫోన్ పెట్టేశాక తల దించుకున్నాను. నాకు మాత్రం ఎవరు చెప్పారు? ఒక పిల్లి చచ్చాక నేర్చుకున్నాను.

అందుకే, కొత్తగా ఈ పనిలో చేరిన మీ అందరి కోసం ఇది రాస్తున్నాను. నేను పెద్దగా చదువుకోలేదు. పశువుల ఆసుపత్రిలో నేల ఊడవడానికి చేరాను. మందు సీసాల మీద చీటీలు చూసి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. కాంపౌండరు అని జనమే పిలిచారు, అదే స్థిరపడింది. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో మీకు అనవసరం. గేదెల గురించి, గొర్రెల గురించి మీకు శిక్షణలో చెబుతారు. పిల్లి గురించి చెప్పరు. కానీ ఈ రోజుల్లో మీ ఫోన్ మోగేది పిల్లి కోసమే. కృష్ణపట్నం పోర్టు కుర్రాళ్ళ అద్దె గదుల్లో పిల్లి, నెల్లూరు అపార్టుమెంట్లలో పిల్లి. దాని మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఒకటే: కొరికేస్తోంది.

ఇతరములు

నేను చేరినప్పుడు ఆసుపత్రి రిజిస్టరులో గడులు ఉండేవి. ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, కోళ్ళు, కుక్కలు. పిల్లికి గడి లేదు. ఎవరైనా పిల్లిని తెస్తే "ఇతరములు" అనే చివరి గడిలో ఒక గీత గీసేవాళ్ళం. ఒకసారి కోతి పిల్లని తెచ్చారు, అదీ అక్కడే. ఒక చిలక, అదీ అక్కడే.

మా దగ్గరికి వచ్చిన ఒక అధికారి పిల్లిని బల్ల మీద పెట్టనిచ్చేవాడు కాదు. "పిల్లికి వైద్యం ఏందయ్యా, దానికి తొమ్మిది ప్రాణాలుంటాయి, ఒకటి పోతే ఏమి?" అని నవ్వేవాడు. ఆయన గేదెల పనిలో గట్టివాడే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ తనకు తెలియనిదాన్ని ఎగతాళి చేసి తప్పించుకునే అలవాటు ఆయనకుంది. మీ పైవాళ్ళలో ఇలాంటివాళ్ళు తగులుతారు. వాళ్ళు నవ్వినప్పుడు మీరూ నవ్వకండి. నేను నవ్వాను, అది ఇప్పటికీ గుర్తుంది.

జనం మాట ఇంకో రకం. పిల్లి కొరికిందంటే "పగబట్టింది" అంటారు. "దానికి పొగరు" అంటారు. కుక్క చెప్పు కొరికితే పాపం, ఆడుకుంటోంది. పిల్లి చెప్పు కొరికితే కుట్ర. నలభై ఏళ్ళు ఈ మాట విని విని నాకు విసుగు పుట్టింది. పిల్లికి మన మీద పగ పట్టేంత తీరిక లేదు. దాని నోట్లోనో, కడుపులోనో, రోజు గడిచే తీరులోనో ఏదో తేడా వస్తే అది పళ్ళతో చెబుతుంది. దానికి ఇంకో భాష లేదు.

నోరు చూడకుండా నోరు తెరవొద్దు

ఈ మాట మా పెద్ద డాక్టరు గారిది. నాకు పని నేర్పిన మనిషి. పొడుగ్గా, ఎండిపోయిన తాటాకులా ఉండేవారు. మాటలు తక్కువ. పిల్లి వస్తే ముందు దాని నోరు తెరిచి చూసేవారు, ఆ తరువాతే తన నోరు తెరిచేవారు. నన్నూ అలాగే చేయమనేవారు.

ముందు వయసు. పిల్లి పిల్లకు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయని మన ఇళ్ళలో చాలామందికి తెలియదు. మనిషి బిడ్డకు పళ్ళు వస్తుంటే వేలు కొరుకుతాడని తెలుసు, పిల్లి దగ్గరికొచ్చేసరికి మర్చిపోతారు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా దాని చిగుళ్ళు దురదపెడతాయి. పోర్టులో క్రేను మీద పనిచేసే ఒక అబ్బాయి ఛార్జరు వైర్లు వరసగా పోతున్నాయని పిల్లిని పట్టుకొచ్చాడు. నోరు తెరిస్తే కోర దగ్గర రెండు పళ్ళు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి పాలది, ఒకటి కొత్తది.

"కొట్టినావా?" అన్నాను.

"చెప్పుతో రెండు తగిలించినా సార్. మానేసింది."

"మానేసిందా, నువ్వు లేనప్పుడు చేస్తా ఉండాదా?"

ఆలోచించాడు. "డ్యూటీకి పోయొచ్చేసరికి కొరికేసుంటాది సార్."

కొడితే నేర్చుకునేది అదే. వైరు కొరకకూడదని కాదు, నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు కొరకకూడదని. వైర్లు ప్లాస్టిక్ పైపులో దూర్చమన్నాను. మందపాటి గుడ్డను తడిపి, మెలితిప్పి, ఫ్రిజ్‌లో చల్లబరిచి, తను దగ్గర కూర్చుని ఉన్నప్పుడే కొరకడానికి ఇమ్మన్నాను, పోగులు లేస్తే తీసేయమన్నాను. రెండు నెలలు ఓపిక పట్టాడు. పళ్ళు వచ్చాయి, కొరుకుడు పోయింది.

తల్లి దగ్గర నుంచి మరీ చిన్నప్పుడు విడదీసి తెచ్చిన పిల్ల వేరు. అది కొరకదు, దుప్పటిని చప్పరిస్తుంది, ముందు కాళ్ళతో పిసుకుతుంది. దాన్ని తిట్టి లాభం లేదు. ముసలి పిల్లి ఉన్నట్టుండి గట్టి వస్తువుల మీద పళ్ళు రాస్తుంటే చిగురు చూడండి, ఎర్రగా వాచి ఉంటుంది. మట్టిగోడ, సిమెంటు నాకే పిల్లి చిగురు తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం తక్కువైందని అనుమానించి డాక్టరు దగ్గరికి పంపండి. ఒక్క ఫిర్యాదు వెనక ఇన్ని ఉంటాయి. ఫోన్‌లో కారప్పొడి అని చెప్పేసి చేతులు దులుపుకుంటే ఇందులో ఏదీ మీకు దొరకదు.

కారప్పొడి సంగతి కూడా చెప్పేస్తాను. పిల్లి దాన్ని తొక్కుతుంది, అదే కాలితో మొహం కడుక్కుంటుంది. కన్ను పోగొట్టుకున్న పిల్లిని చూశాను. వాసనకు దూరంగా పోతుందని కలరా ఉండలు పెడతారు, అది పిల్లికి విషం. కిరసనాయిలు పూయడం మరీ ఘోరం, నాకి నాకి కడుపులోకి పంపుకుంటుంది. అడ్డం పెట్టండి, పైన పెట్టండి, మూతపెట్టండి. మందు రాయబాకండి.

మస్తానమ్మ చెప్పిన మాట

ఇప్పుడు నా తప్పు చెబుతాను. దీన్ని దాటేసి రాస్తే మిగతాదంతా బడాయి అవుతుంది.

మస్తానమ్మ కొడవలూరు దగ్గర ఒక పల్లెలో మిషను కుట్టేది. రవికలు, లంగాలు. ఇంట్లో ఆమె, మిషను, గోధుమరంగు పిల్లి. ఒకరోజు ఆసుపత్రికి వచ్చింది. పిల్లిని తేలేదు. డాక్టరు గారు టీకాల క్యాంపుకు పోయి ఉన్నారు. నేనే ఉన్నాను.

"అన్నా, మా పిల్లి దారం తినేస్తా ఉండాది" అంది.

నేను గొర్రెలకు మందు కలుపుతూ, తల ఎత్తకుండానే, "రీళ్ళు డబ్బాలో పెట్టుకో అక్కా" అన్నాను. ఆమె సరేనని వెళ్ళిపోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మన మాటలో తినేయడం అంటే ఏమిటి? పిల్లోడు ప్రాణం తినేస్తా ఉన్నాడు అంటాం. ఆఫీసులో బుర్ర తినేస్తా ఉన్నారు అంటాం. చెదలు తలుపు తినేసింది అంటాం, ఎలుక పుస్తకం తినేసింది అంటాం. పాడుచేసిందని అర్థం. నేను ఆ అర్థమే తీసుకున్నాను. రీళ్ళు లాగి, చిక్కులు చేసి పాడుచేస్తోంది కాబోలు అనుకున్నాను. "తినేస్తా ఉండాది అంటే మింగుతా ఉండాదా?" అని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ ప్రశ్నకు ఎంతసేపు పట్టేది?

ఐదారు రోజుల తరువాత పిల్లిని బుట్టలో పెట్టుకుని వచ్చింది. అన్నం ముట్టడం లేదు, కక్కుతోంది. ఆ రోజూ డాక్టరు గారు లేరు, సాయంత్రానికి వస్తారు. తోక ఎత్తి చూశాను. వెనక నుంచి జానెడు తెల్ల దారం వేలాడుతోంది. నాకు సంతోషమేసింది, నిజం చెబుతున్నాను. బయటికి వచ్చేస్తోంది కదా, కొంచెం సాయం చేద్దాం అనుకున్నాను. పట్టుకుని లాగాను.

పిల్లి అరిచిన అరుపు రాయలేను. రాయను కూడా.

డాక్టరు గారు వచ్చేసరికి పిల్లి ప్రాణం పోయింది. ఆయన నన్ను తిట్టలేదు. చేతులు కడుక్కుని, ఆ పిల్లినే బల్ల మీద పెట్టి, కడుపు కోసి చూపించారు. మస్తానమ్మను బయట ఉండమన్నారు. ఆమె ఉండలేదు, వచ్చి నా పక్కన నిలబడింది. దారం ఒక కొస నాలుక కింద చుట్టుకుని ఉంది, రెండో కొస చివరి దాకా పోయింది. మధ్యలో పేగు అంతా మడతలు మడతలుగా ముడుచుకుపోయి, మడత మడత దగ్గర తెగి ఉంది.

మస్తానమ్మ చాలాసేపు చూసింది. తరువాత నెమ్మదిగా, "ఇది నేను రోజూ చేసే పనే కదన్నా. లంగాకి బొందు ఎక్కించి లాగితే గుడ్డ ఇట్టానే కుచ్చయి పోతాది" అంది.

నేను దారం కొస వైపే చూస్తున్నాను.

"తినేస్తా ఉండాది అనే కదన్నా నేను చెప్పినా" అంది.

అంతే అంది. కేకలు వేసి ఉంటే నాకు తేలికయ్యేది. బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

డాక్టరు గారు సాయంత్రం రిజిస్టరు తీసి నా చేతికి ఇచ్చారు. "ఇతరములు గడిలో గీత గియ్యి. పక్కన ఏం జరిగిందో నీ చేతివ్రాతతో రాయి" అన్నారు. నాలుగు ముక్కలు రాశాను. దారం లాగరాదు. నాలుక కింద చూడాలి. తినడం అంటే ఏమిటో అడగాలి. నాలుగోది నా పేరు.

అప్పటి నుంచి కొరికే పిల్లి కేసు ఏది వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. నాకుతోందా, చప్పరిస్తోందా, కొరికి వదిలేస్తోందా, మింగుతోందా? జనానికి తెలియకపోతే ముక్కలు ఏరుకు రమ్మంటాను. చెప్పు కొరికితే చెప్పూ ముక్కలూ రెండూ తెమ్మంటాను. నేల మీద పరిచి, అతికించి చూస్తాను. ముక్కలన్నీ కుదిరితే అది కొరుకుడు. ఒకటి తగ్గితే అది ఎక్కడుందో తేలేదాకా నేను ఇంటికి పోను.

మా కొత్తవాళ్ళు కొందరు దీన్ని చూసి నవ్వేవాళ్ళు. "సార్ పిల్లి కేసులో పంచనామా చేస్తా ఉండాడు" అని. నవ్వనీ.

సుందరి దీక్ష

పదవీ విరమణ చేసినా ఫోన్లు ఆగలేదు. మొన్న చలికాలంలో కావేరమ్మ చేసింది. చిట్టమూరు దిగువన, ఉప్పునీటి ఏటి ఒడ్డున ఉన్న ఊరు. వేట మీద బతికే కుటుంబం. భర్త పోలయ్య. చాలా ఏళ్ళ కిందట వాళ్ళ మేకకు కాన్పు కష్టమైతే వెళ్ళాను, ఆ గుర్తు మీద చేసింది.

"అన్నా, మా సుందరి వల తినేస్తా ఉండాది. మా ఆయన కొండకు పోయే లోపల దాన్ని గోనెసంచిలో వేసి, ఏరు దాటించి, పోర్టు రోడ్డులో లారీలకాడ వదిలేస్తానంటా ఉండాడు. ఎనిమిది రోజులే ఉండాయి. ఒక్కసారి వచ్చి చూడన్నా."

తినేస్తా ఉండాది అన్న మాట వినగానే నేను చొక్కా వేసుకుంటున్నాను.

బస్సు దిగేసరికి కావేరమ్మ రోడ్డు దగ్గరే నిలబడి ఉంది. నడుస్తూ చెప్పింది. పోలయ్య మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్ష. ఏటికి పోవడం లేదు, పడవ మీద తమ్ముడు పోతున్నాడు. పోలయ్య వల పంచలో కుప్పగా ఉంది. కొండ నుంచి రాగానే దాన్ని నీళ్ళలో వేయాలి. ఆ వలకే మూడు చోట్ల కంతలు పెట్టింది సుందరి.

"మాల వేసుకున్నకాడి నుంచి నన్ను మాతా, అండి అంటా ఉండాడన్నా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అనలేదు. పిల్లిని సంచిలో వేస్తానని కూడా అండి అనే చెప్పినాడు" అంది. నవ్వింది గానీ, కళ్ళు నవ్వలేదు. వల అల్లేటప్పుడు సుందరి ఒళ్ళో కూర్చుంటుందట. పగలంతా ఆమెకు ఉన్న తోడు అదే.

పోలయ్య నల్లబట్టల్లో, మెడలో మాలతో, గడ్డంతో పంచలో కూర్చుని ఉన్నాడు. "రండి స్వామీ" అన్నాడు. "చూడండి స్వామీ, పిల్లి స్వామి చేసిన పని."

మూలన, గుంజకు కట్టి ఉంది సుందరి. నలుపు తెలుపు ఆడపిల్లి, మూడేళ్ళది. మెడకు నైలాను తాడు. ఆ తాడు కూడా సగం కొరికేసి ఉంది.

నేను పిల్లి దగ్గరికి పోలేదు. వల పరచమన్నాను. ముక్కలు ఎక్కడున్నాయని అడిగాను. కావేరమ్మ చాట తెచ్చింది, ఊడ్చినప్పుడల్లా అందులో వేసిందట, పారేయలేదు. ఆ ఒక్క పనికి ఆమెకు దండం పెట్టాలి. మోకాళ్ళ మీద కూర్చుని, కంత కంత దగ్గర ముక్కలు పేర్చాను. వల అల్లే చేతులు కాబట్టి కావేరమ్మ నాకంటే వేగంగా పేర్చింది. రెండు కంతలు పూర్తిగా కుదిరాయి. మూడో దాంట్లో బొటనవేలంత ముక్క లేదు.

"ఎప్పటి కంత ఇది?" అన్నాను.

"నిన్న పొద్దున్నే చూసినా."

అప్పుడు పిల్లి దగ్గరికి వెళ్ళాను. కావేరమ్మ పట్టుకుంది. నోరు తెరిచి, దవడ కింది నుంచి బొటనవేలితో నొక్కి, నాలుక పైకి లేపి చూశాను. ఏమీ చుట్టుకుని లేదు. తోక ఎత్తి చూశాను, లేదు. కడుపు మెత్తగా ఉంది, నొక్కితే ఊరుకుంది. చిగుళ్ళు మాత్రం కొంచెం పాలిపోయి ఉన్నాయి.

"ఏం పెడతా ఉండారు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పెరుగన్నం" అంది కావేరమ్మ.

"ఎన్ని రోజులుగా?"

"మాల వేసినకాడి నుంచి స్వామీ" అన్నాడు పోలయ్య. "ఇంట్లో నీసు ముట్టకూడదు గదా. ముందు రోజుల్లో తమ్ముడోళ్ళ ఇంటికి పోయి చేప తలకాయ పట్టుకుని నేరుగా పూజ కాడికే వచ్చేసింది. అందుకే కట్టేసినా."

నెల దాటింది. చేప తలకాయల మీద పెరిగిన పిల్లి, నెలకు పైగా పెరుగన్నం తిని, నాలుగు అడుగుల తాడుతో గుంజకు కట్టి ఉంది. ఎదురుగా ఏళ్ళ తరబడి చేపల నీళ్ళు పీల్చిన వల కుప్ప. అది ఇంకేం కొరకాలి? పొయ్యి కొరకాలా?

నాకు కోపం వచ్చింది. దేవుడి మీద కాదు, దీక్ష మీద కాదు. ఇంత భక్తిగా, ఇంత శుభ్రంగా ఉండే మనిషికి ఒక్కసారి కూడా ఈ రెండూ కలిపి ఆలోచించాలని తోచనందుకు.

"స్వామీ, మాల వేసుకుంది నువ్వు. సుందరి కాదు" అన్నాను. "పిల్లికి మాంసమో చేపో లేకపోతే ఒళ్ళు నిలబడదు. పెరుగన్నం దానికి కూడు కాదు. ఆకలేసి, తోచక, చేప వాసన కొడతా ఉన్నదాన్ని కొరికింది. నీ మీద పగ కాదు."

పోలయ్య మొహం ముడుచుకున్నాడు. "అట్టా అంటే ఎట్టా స్వామీ. నా ఇంట్లో నీసు పడితే నా దీక్ష ఏమవతాది? గురుస్వామిని అడగాల."

"అడుగు."

ఫోన్ చేశాడు. గురుస్వామి ఊళ్ళోనే పెద్దమనిషి, పద్దెనిమిది సార్లు కొండకు పోయివచ్చినవాడు. పోలయ్య విషయమంతా చెప్పాడు. అటు నుంచి వచ్చిన గొంతు నాకు కూడా వినబడింది. "ఏం స్వామీ, నీ ఇంట్లో వండబాకండి అన్నా గానీ, పిల్లికి మాల వేయమన్నానా?"

పోలయ్య ఫోన్ పెట్టేసి, "గురుస్వామి భలే చెప్పినాడు స్వామీ" అన్నాడు. నేను అరనిమిషం కిందట చెప్పింది అదే మాట. నా నోటి నుంచి వస్తే అది మాట, ఆయన నోటి నుంచి వస్తే ఆజ్ఞ. మీకు కూడా ఇలా జరుగుతుంది. మింగండి. పిల్లికి కూడు దొరికితే చాలు, పేరు ఎవరికి పోతే ఏమి?

అక్కడే కూర్చుని ఏర్పాటు చేశాం. పూటకో గుప్పెడు ఉడికించిన చిన్న చేపలు, ముళ్ళు తీసి, ఉప్పు కారం లేకుండా, తోటికోడలు ఇంటి పంచలో పెట్టాలి. తిన్నాక వెంటనే వదలకూడదు. పోలయ్యకు అనుమానం తీరలేదు, మూతికి నీసు అంటుకుని వస్తుందేమో అన్నాడు. తిన్నాక పిల్లి తన మూతి తానే పదిసార్లు కడుక్కుంటుంది, నీకంటే నాకంటే శుభ్రం, అది పూర్తయ్యాకే తీసుకురా అన్నాను. తాడు విప్పేయాలి. వలను మంచినీళ్ళలో రెండుసార్లు జాడించి, ఆరబెట్టి, దూలానికి ఎత్తి కట్టాలి. కూడు పెట్టే ముందు కావేరమ్మ ఒక పుల్లకు గుడ్డ పేలిక కట్టి కాసేపు పరిగెత్తించి ఆడించాలి, ఆట అయ్యాక ఆ పుల్ల దానికి అందకుండా దాచాలి. వేటాడి తిన్న పిల్లి నిద్రపోతుంది, కొరకదు. ఒక్కసారి కక్కినా, ఒక్క పూట తినకపోయినా, ఆటో ఎక్కి నాయుడుపేట డాక్టరు దగ్గరికి పోవాలి, నాకు ఫోన్ చేసి సమయం పోగొట్టకూడదు. వెనక నుంచి ఏదైనా కనబడితే, ప్రాణం పోయినా లాగకూడదు.

"ఎందుకన్నా లాగకూడదు?" అంది కావేరమ్మ.

మస్తానమ్మ సంగతి చెప్పాను. లంగా బొందు మాట దాకా చెప్పాను. పోలయ్య వింటూ మాల పట్టుకుని కూర్చున్నాడు.

చివర్లో అన్నాడు: "సరే స్వామీ. ఇరుముడి కట్టే రోజు దాకా చూస్తా. వలలో ఇంకొక్క కన్ను కొరికినా సంచి సిద్ధంగా ఉండాది." చూరులో దోపిన గోనెసంచి చూపించాడు. మాట మీద నిలబడే మనిషే, అదే నా భయం.

తప్పిపోయిన ముక్క

మొదటి రోజు ఫోన్ రాలేదు. రెండో రోజు నేనే చేశాను. తింటోంది, కక్కలేదు, ముక్క కనబడలేదు. కావేరమ్మ పిల్లి దొడ్డికి వెళ్ళే ఇసుక గుంటను పుల్లతో రోజుకు రెండుసార్లు కెలుకుతోందట. ఊళ్ళోవాళ్ళు నవ్వుతున్నారట. "నవ్వనీ" అన్నాను.

మూడో రోజు పొద్దున్నే చేసింది. "అన్నా, దొరికింది. కడిగి, కంతలో పెట్టి చూసినా. సరిపోయింది."

నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. లేచి, బయలుదేరడానికి వేసుకున్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను.

ఇరుముడి రోజు నేను వెళ్ళాను. వల దూలానికి వేలాడుతోంది, కావేరమ్మ కంతలు అల్లేసింది, కొత్త కంత ఒక్కటీ లేదు. గోనెసంచి చూరులోనే ఉంది, ఎవరూ తీయలేదు. సుందరి తాడు లేకుండా, తోటికోడలు అరుగు మీద మూతి కడుక్కుంటోంది.

ఇరుముడి నెత్తికెత్తుకున్నాక వెనక్కి తిరిగి చూడరు. పోయొస్తామని కూడా చెప్పరు. పోలయ్య గడప దిగాడు. ముందు గురుస్వామి, పక్కన మరో నలుగురు స్వాములు, శరణుఘోష. పది అడుగులు వేశాడు. ఆగాడు. తల తిప్పలేదు. ఎదురుగా ఉన్న రోడ్డుకు చెబుతున్నట్టు గట్టిగా అన్నాడు:

"మాతా, మధ్యాహ్నం పిల్లి స్వామికి చేపలు మర్చిపోబాకండి."

ఘోష ఒక్క క్షణం ఆగింది. స్వాములు నవ్వు ఆపుకోలేకపోయారు, గురుస్వామితో సహా.

"మర్చిపోను స్వామీ, మీరు నడవండి" అంది కావేరమ్మ.